కొరమీను తోమిన టీచరమ్మ

ఈ ఫిబ్రవరి పన్నెండున కంబోడియాలో ఒక పల్లె బడిలో, చంతా అనే ఎనిమిదేళ్ళ పిల్ల అందరి ముందూ నిలబడి తన పేరూ ఊరూ ఇంగ్లీషులో చెప్పింది. టీచరుగా మన నాగమల్లేశ్వరి సాధించిన మొదటి గెలుపు అది. మార్కుల్లో గెలవడం ఆమెకు కొత్త కాదు. పటమటలో చేపలమ్మే నాంచారమ్మ కూతురు పదో తరగతిలో మండలం ఫస్టు, ఇంటర్లో కాలేజీ ఫస్టు. టీచరు ట్రైనింగులో ఉండగానే, పరాయిదేశంలో ఆరు నెలలు పాఠాలు చెప్పిరావడానికి ఒక సంస్థ మొత్తం జిల్లాలో ఆమెనొక్కదాన్నే ఎంచుకుంది.

ఈ గెలుపు మాత్రం ఊరికే రాలేదు.

వెళ్ళిన మూడో వారంలో చంతా అక్షరాలన్నీ తప్పు లేకుండా రాసింది. మనవాళ్ళం ఎవరమైనా చేసేదే మల్లేశ్వరీ చేసింది, ముచ్చటపడి తల నిమిరింది. అక్కడ తలంటే ప్రాణముండే చోటట, పరాయివాళ్ళు ముట్టుకోకూడదట. పిల్ల బిక్కచచ్చిపోయింది. మర్నాటి నుంచి చంతాయే కాదు, వాళ్ళ వీధి పిల్లలు మరో తొమ్మిదిమంది బడి మానేశారు. సోమవారంలోగా వాళ్ళు రాకపోతే ఇండియాకి టికెట్టు తీయిస్తానని హెడ్మిస్ట్రెస్ సొఖా మేడమ్ చెప్పేసింది.

మల్లేశ్వరి ఫోన్లో బావురుమంది. నాంచారమ్మ కసిరింది.

"గదిలో కూర్చుని ఏడిస్తే వాళ్ళకి తెలుస్తుందేంటే? వెళ్ళి వాళ్ళ గడప తొక్కు."

ఆదివారం పొద్దున్నే తోటి టీచరును తోడు తీసుకుని వెళ్ళింది. చంతా అమ్మమ్మ మెట్ల దగ్గర కొరమీనుతో కుస్తీ పడుతోంది. తలెత్తి చూడలేదు. చేప ఆమె చేతిలోంచి జారిపోతుంటే మల్లేశ్వరి ఉండబట్టలేక చీర కుచ్చెళ్ళు ఎగదోపి కూర్చుంది. పొయ్యిలో బూడిద తీసి చేపకి పట్టించి, జిగురంతా తోమి, నిమిషంలో పొలుసు లాగేసింది. ముసలమ్మ కళ్ళార్పకుండా చూసి, ఎవరు నేర్పారని అడిగింది.

"మా అమ్మండీ. మా ఊళ్ళో పెద్దవాళ్ళు మెచ్చుకుంటే తల నిమురుతారు. ఇక్కడ తప్పని తెలీక చేశాను, క్షమించండి."

తోటి టీచరు ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. ముసలమ్మ ఇంకో చేప అందించింది.

"నీ చెయ్యి చేపల మీద మంచిది. పిల్లల మీద వద్దు."

తలుపు చాటునున్న చంతా కిసుక్కున నవ్వింది.

సోమవారం పదిమందినీ ముసలమ్మే తోలుకొచ్చింది. గురువారం, పన్నెండో తేదీకి, చంతా అందరి ముందూ నోరు విప్పింది. సొఖా మేడమ్ ఇక టికెట్టు మాటెత్తలేదు. ఇప్పుడా తరగతిలో పిల్లలు ముప్పై ఒక్కమంది, హాజరు పూర్తి. మల్లేశ్వరి ఆరు నెలలూ నిండేదాకా ఉండి, జులై ఇరవై ఆరు, ఆదివారం నాడు గన్నవరంలో దిగుతుంది.