రోజూ చచ్చిపోయే బాబాయి

మా ఓడలో సేఫ్టీ ఆఫీసరు రోజూ చచ్చిపోయేవాడు. మాటవరసకు కాదు, వెల్లకిలా పడి, నాలుక బయటపెట్టి, కళ్ళు తేలేసి మరీ పోయేవాడు. ఎవరైనా అజాగ్రత్తగా పనిచేస్తే ఆయన తిట్టడు, అరవడు. దానివల్ల మనిషి ఎలా పోతాడో అక్కడికక్కడే పోయి చూపిస్తాడు. అందుకే ఆయనకు చావుల బాబాయి అన్న పేరు స్థిరపడిపోయింది.

నేను ఆ సరుకు ఓడలో వంటవాడిగా చేరినప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు పొయ్యి ముందు కాస్త నూనె ఒలికింది. తర్వాత తుడవచ్చులే అనుకున్నాను. టీ కోసం వచ్చిన ఒక పెద్దమనిషి నూనె వంక చూశాడు, నా వంక చూశాడు, హెల్మెట్ సర్దుకుని దభీమని పడ్డాడు. చెంపలు తట్టాను, నీళ్ళు చల్లాను. ఊహూఁ, పలకడే. ఉద్యోగంలో చేరీ చేరగానే ఒక ప్రాణం తీశానని గుండెలు బాదుకుంటూ కెప్టెన్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన తాపీగా కాఫీ తాగుతున్నాడు.

"ఎక్కడ పోయాడు?" అన్నాడు.

"వంటగదిలో సార్."

"నేల తుడువు. లేస్తాడు."

తుడిచాను. లేచాడు. టీలో పంచదార కాస్త ఎక్కువ వెయ్యమన్నాడు. చచ్చి బతికినవాడికి నీరసంగా ఉంటుందట.

ఆయన చావుల్లో రకాలుండేవి. మోకు చుట్టలో కాలుపెట్టి నిలబడినవాడు కనబడితే, కాలు మెలితిప్పుకుని పక్కకు ఒరిగిపోయేవాడు. తడిచేత్తో స్విచ్చి ముట్టుకున్నవాడి ఎదుట గిలగిలా కొట్టుకుని పోయేవాడు. రంగు డబ్బాల గది ముందు సాక్షాత్తూ కెప్టెనే సిగరెట్ వెలిగిస్తే, మొహమాటపడకుండా ఆయన బూట్ల దగ్గరే ప్రాణం వదిలాడు. సిగరెట్ ఆరిపోయేదాకా మళ్ళీ ఊపిరి తీసుకోలేదు. ఎంత అర్జెంటు చావైనా కింద దుమ్ముంటే మాత్రం ముందు రుమాలు పరుచుకునేవాడు.

రానురానూ మాకు అలవాటైపోయింది. బాబాయి ఏడని అడిగితే, ఎవడో హెల్మెట్ లేకుండా నిచ్చెన ఎక్కాడు, దాని కింద పోయి ఉన్నాడని చెప్పి మా పని మేం చూసుకునేవాళ్ళం.

ఒకసారి రేవులో ఆయన భార్య ఓడ చూడటానికి వచ్చింది. ఈయనతో ఎలా వేగుతున్నావు పిన్నీ అని అడిగాను. ఇంట్లో స్నానాల గది బయట తడిగా ఉంటే గుమ్మానికి అడ్డంగా పోతాడట. ఆవిడ ఆయన్ని దాటుకుంటూ వెళ్ళి, పొయ్యి మీద పాలు దించుకుని, తీరిగ్గా వచ్చి తుడుస్తుందట. "నిద్రపోయాడో, పోయాడో గురకని బట్టి తెలుసుకుంటాను నాయనా" అంది.

ఆ తర్వాతి ప్రయాణంలో మేం పచ్చి కలప దుంగలు వేసుకుని వెళ్తున్నాం. మూసిన సరుకు గదిలో దుంగలు గాలిలోని ఆక్సిజన్‌ని మింగేస్తాయి, గాలి పరీక్ష చెయ్యకుండా ఎవరూ దిగొద్దు అని బాబాయి చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. ఆ గది మూత మీద ఎన్నిసార్లు పోయాడో లెక్కే లేదు. గాలి సిలిండరూ, ముసుగూ ఆ పక్కనే పెట్టించి, డెక్ పనివాళ్ళ పెద్ద అయిన సరంగు చేత వాటిని తొడిగించి, విప్పించి, మళ్ళీ తొడిగించాడు. ముసుగులో సరంగు ఏనుగులా ఉన్నాడని మేం పడీ పడీ నవ్వాం.

డెక్ మీద ఒక బావా, అతని బావమరిదీ పనిచేసేవారు. ఒక ఉదయం బావమరిది మూత తీసి లోపలికి తొంగిచూస్తుంటే చేతిలో టార్చి జారిపోయింది. ఎంతసేపులే అనుకుని నిచ్చెన దిగాడు. కొన్ని మెట్ల కింద ఉన్న అరుగు మీద కూలబడ్డాడు. మరి కదల్లేదు.

అది చూసిన బావ లోపలికి దూకబోయాడు. బాబాయి పరుగున వచ్చి ఆగమన్నాడు. అతను వినే స్థితిలో లేడు. దాంతో బాబాయి ఆ కంత మీద అడ్డంగా పడిపోయాడు. బావ ఆయన్ని లాగాడు, గుద్దాడు, చొక్కా చింపాడు. బాబాయి అంగుళం కదల్లేదు. పోయినప్పుడు ఎన్నడూ నోరు మెదపని మనిషి, ఆ రోజు మాత్రం పడుకునే మాట్లాడాడు.

"మీ ఆవిడ తమ్ముడి కోసం, మొగుడి కోసం ఒకేసారి ఏడవాలా? సరంగుని ముసుగేసుకోనివ్వు."

సరంగు అప్పటికే తొడిగేసుకున్నాడు. అన్నిసార్లు చేసిన పని కదా, చేతులు వాటంతటవే కదిలాయి. బాబాయి పక్కకు దొర్లాడు. సరంగు దిగి, పడిపోయినవాడికి తాడు కట్టాడు. మేమంతా కలిసి పైకి లాగాం. ఆక్సిజన్ పెట్టాక కాసేపటికి అతను కళ్ళు తెరిచాడు. పక్కనే చిరిగిన చొక్కాతో ఆయాసపడుతూ పడుకుని ఉన్న బాబాయి కనిపించాడు.

"ఇప్పుడెవరేం తప్పు చేశారు బాబాయ్?" అన్నాడు.

ఆ మాటకు బావ నవ్వబోయి, ఏడ్చేశాడు.

అసలు సంగతి నాకు ఆ మధ్యాహ్నం సరంగు చెప్పాడు. అజాగ్రత్తగా ఉన్నవాడి పేరును సేఫ్టీ ఆఫీసరు కంపెనీ ఆఫీసుకు పంపాలట. పంపితే వాణ్ణి వచ్చే రేవులోనే దింపేస్తారు. ఈయనకు ముందున్నవాళ్ళు బోలెడు పేర్లు పంపారు. దాంతో జనం గాయాలు దాచుకోవడం నేర్చుకున్నారు. బాబాయి వచ్చాక ఒక్క పేరూ పోలేదు. పేరు పంపాల్సిన ప్రతిసారీ ఆయనే పోయేవాడు.

బాబాయి వంటగదిలో కూర్చుని ఉండగా బావమరిది తలవంచుకుని వచ్చాడు. తప్పు తనదేననీ, తన పేరు పంపెయ్యమనీ అన్నాడు.

"ఆఫీసుకు జరిగింది చెప్పాను. ఆ మూతకి తాళం కావాలని అడిగాను. నీ పేరెందుకూ?"

"రూలు కదా బాబాయ్."

"నిన్ను దింపేస్తే కొత్తవాణ్ణి పంపుతారు. వాడికి ఇవన్నీ మళ్ళీ మొదట్నుంచీ చచ్చి చూపించాలి. నా నడుం ఒప్పుకోదురా."

అంటూ లేవబోయి, నిజంగానే నడుం పట్టేసి అలాగే ఉండిపోయాడు. గుమ్మం దగ్గరున్న బావ కూడా లోపలికి వచ్చాడు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని మెల్లిగా గదికి నడిపించుకెళ్ళారు.