నిద్ర కెప్టెన్ గారి రిపోర్టులు

ఎవరైనా ఎదురుపడితే లోకంలో బాగున్నారా అంటారు, లేదా భోజనమైందా అంటారు. ఆ సరుకుల విమానాల కంపెనీలో అందరికన్నా సీనియర్ కెప్టెన్ గారు మాత్రం "నిద్రపోయారా?" అని అడిగేవారు. మర్యాదకి అడిగి ఊరుకునే రకం కూడా కాదు. "పోయానండీ" అంటే "ఎన్ని గంటలు?" అనేవారు. "ఆరు" అంటే "ఏకబిగినా, ముక్కముక్కలుగానా?" అని నిలదీసేవారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి మొదలుకుని కంపెనీ ఛైర్మన్ దాకా ఈ ప్రశ్న తప్పించుకున్నవాళ్ళు లేరు. వార్షికోత్సవం రోజున ఛైర్మన్ గారు వేదిక దిగి చెయ్యి కలిపితే, ఆ చేతిని వదలకుండా, "కళ్ళ కింద ఆ నలుపేమిటండీ?" అన్నారట. అప్పట్నుంచి ఆయన నిద్ర కెప్టెన్. అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

కొత్తగా కో-పైలట్‌గా చేరిన అమ్మాయి మొదటిరోజే ఆయన చేతికి చిక్కింది. వాతావరణం గురించి అడుగుతారని, ఇంధనం గురించి అడుగుతారని ముందురోజంతా కూర్చుని బట్టీ పట్టి వచ్చింది.

"ఎదురుగాలి ఎంతుందో చూసుకున్నాను సార్. సరుకు బరువు కూడా..."

"అవన్నీ కాగితం మీద ఉంటాయమ్మాయ్. కాగితం మీద లేనిది చెప్పు. నిన్న ఎన్నింటికి పడుకున్నావు?"

"పదకొండింటికి సార్."

"నిద్ర పట్టింది ఎన్నింటికి?"

పడుకోవడం వేరు, నిద్ర పట్టడం వేరు అని పైలట్ల శిక్షణలో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

సరుకుల విమానాలు ఎక్కువగా ఊరు పడుకున్నాక ఎగురుతాయి. కాబట్టి పైలట్లు పట్టపగలు, తమది కాని ఊళ్ళో, తమది కాని మంచం మీద నిద్రపోవాలి. అందరూ దీన్ని తలరాత అనుకునేవారు. ఆయన యుద్ధం అనుకునేవారు. ఆయన సూట్‌కేసు తెరిస్తే పైలట్ పెట్టెలా ఉండేది కాదు, డేరా వేసేవాళ్ళ సంచిలా ఉండేది. నల్లటి కర్టెన్ గుడ్డ, డజను బట్టల క్లిప్పులు, రెండు చుట్టల టేపు, చెవుల్లోకి దూది, సొంత దిండు. యూనిఫారం మాత్రం అడుగున ఎక్కడో నలిగి ఉండేది.

హోటల్ కౌంటర్‌లో ఉన్నావిడకి ఆయన రాకంటే హడలు.

"మూడో అంతస్తు గది ఇచ్చాను సార్, చాలా ప్రశాంతంగా ఉంటుంది."

"లిఫ్టు పక్కనా?"

"కాదు సార్, చివర్న."

"చివర్నయితే ఐస్ మిషను ఉంటుందే!"

"అది పాడైపోయింది సార్."

"బాగుచేస్తారా?"

"లేద్సార్, ఈ జన్మలో బాగుచెయ్యం!" అని ఒట్టు వేసేదాకా ఆయన తాళం తీసుకునేవారు కాదు. గదిలోకి వెళ్ళాక టీవీ కింద వెలిగే చిన్న ఎర్ర దీపానికి కూడా టేపు అంటించేవారు. ఒకసారి పొగ కనిపెట్టే యంత్రానికి అంటించబోతే హోటల్ వాళ్ళు పరిగెత్తుకొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డారు.

ఇంత చాదస్తం ఉన్న మనిషికి ఉద్యోగమంటే విసుగేమో అనుకుంటే పొరపాటే. ఏటా కంపెనీ వాళ్ళు ఒక ఫారం పంపి, 'మీ పనితో మీరు సంతృప్తిగా ఉన్నారా?' అని అడిగేవారు. మిగతావాళ్ళు అవును దగ్గర ఒక గీత గీసి పారేసేవారు. ఆయన మాత్రం గుండ్రటి అక్షరాలతో, 'పనితో సంతృప్తే. పరుపుతో కాదు' అని రాసేవారు. పద్దెనిమిదేళ్ళు అదే జవాబు. పంతొమ్మిదో ఏడు కంపెనీ హోటల్ మార్చింది. ఆ ఏడు ఆయన, 'పరుపు ఫరవాలేదు. దిండు గురించి విడిగా రాస్తాను' అన్నారు.

ప్రయాణికుల విమానాల కంపెనీ ఒకటి రెండుసార్లు పిలిచినా ఆయన వెళ్ళలేదు. ఎందుకని ఒక రాత్రి గాల్లో ఉండగా కో-పైలట్ అడిగింది.

"వెనకాల మూడొందలమంది దుప్పట్లు కప్పుకుని హాయిగా నిద్రపోతూంటే, నేను ముందు కూర్చుని మేలుకుని ఉండాలా? కుళ్ళుతో చచ్చిపోతానమ్మాయ్."

నవ్వించి తప్పించుకున్నారని ఆమెకి తెలుసు. కాసేపటికి ఆయనే మళ్ళీ అందుకున్నారు. అప్పుడే తెల్లవారుతోంది. కింద మబ్బులు ఏకిన దూదిలా పరుచుకుని ఉన్నాయి. కాఫీ కలిపిచ్చే మనిషి ఈ విమానాల్లో ఉండడు కాబట్టి ఆయనే లేచి రెండు కప్పులు కలుపుకొచ్చారు.

"ఎక్కేముందు సరుకు జాబితా చదువుతాను, చూశావుగా. ఇవాళ వెనకాల ఎవరి గుండెకో పెట్టే కవాటం ఉంది. ఆయనెవరో నాకు తెలీదు. నేనెవరో ఆయనకి తెలీదు. రేపు ఆపరేషనై లేచి కూర్చుంటాడు, డాక్టరుకి దణ్ణం పెడతాడు. నా ఊసే రాదు. ఇంతకన్నా హాయైన చుట్టరికం ఉంటుందా?"

జాబితాలో ఏముంటే దాని మీద ఆయనకి అంత ప్రేమ. ఒకసారి పదివేల కోడిపిల్లలు ఎక్కాయి, నిన్ననో మొన్ననో గుడ్డు పగలగొట్టుకుని వచ్చినవి. కెప్టెన్ గారు వెనక్కి వెళ్ళి, సరుకు ఎక్కించే మేస్త్రీతో, "దీపాలు తగ్గించవయ్యా, పిల్లలు పడుకోవాలి" అన్నారు.

"ఇవి కోడిపిల్లలు సార్!"

"మరి నేనేమన్నాను?"

దీపాలు తగ్గించాక, పదివేల గొంతులూ ఒక్కసారిగా సద్దుమణిగాయి. తన జీవితంలో ఒక్కరినీ అంత సులువుగా నిద్రపుచ్చలేదని ఆయన ఆ నెలంతా చెప్పుకుని మురిసిపోయారు.

ఇంత జాగ్రత్తపడే మనిషి విషయంలో ఒక వింత ఉండేది. ఒళ్ళు అలిసి విమానం నడపలేని స్థితిలో ఉంటే, ఆ మాట ఒక కాగితం మీద రాసిచ్చి పైలట్ ఆగిపోవచ్చు. దాన్ని అలసట రిపోర్టు అంటారు. పుస్తకంలో ఉన్న హక్కే. కానీ ప్రొబేషన్‌లో ఉన్న కో-పైలట్లు రాస్తే పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుందని, ఆ చుక్క ఉన్నవాళ్ళ ఉద్యోగం గట్టిపడదని అందరికీ తెలుసు. అందుకని కుర్రవాళ్ళు మొహం మీద చన్నీళ్ళు కొట్టుకుని, రెండు కాఫీలు తాగి ఎక్కేసేవారు. కంపెనీ మొత్తం మీద ధైర్యంగా రాసేది నిద్ర కెప్టెన్ ఒక్కరే. ఏడాదికి ఒకటో రెండో ఆయన ఖాతాలో పడేవి. "అన్ని క్లిప్పులు పెట్టుకుని కూడా ఈయనకి నిద్ర పట్టదేమిటర్రా!" అని తోటివాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

ఆ అమ్మాయి చేరి ఏడాది కావస్తుండగా, ప్రొబేషన్ ఇంకా ముగియకముందే ఒకరోజు, ఇద్దరూ పొద్దున్నే ఒక ఊళ్ళో దిగి హోటల్లో పడుకున్నారు. సాయంత్రం మళ్ళీ ఎగరాలి. ఆమె అప్పుడే కళ్ళు మూసుకోబోతుంటే ఇంటి నుంచి భర్త ఫోన్ చేశాడు. రెండేళ్ళ కూతురికి జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను అన్నాడు. ఇక నిద్రెక్కడ! గంటకోసారి ఫోను. మధ్యలో గోడకి చెవి ఆనించనక్కర్లేకుండానే పక్కగదిలోంచి కెప్టెన్ గారి గుర్రు వినబడుతోంది. ఎవరో మొద్దురంపంతో దుంగ కోస్తున్నట్టు ఎనిమిది గంటలపాటు కోసి, ఆగింది.

సాయంత్రం వ్యాన్ ఎక్కుతుంటే ప్రశ్న రానే వచ్చింది.

"నిద్రపోయావా అమ్మాయ్?"

"పోయాను సార్."

"ఎన్ని గంటలు?"

"ఏడు."

"ఏకబిగినా?"

"ఏకబిగిన సార్."

ఆయన ఆమె కాళ్ళకేసి చూశారు. ఒక కాలికి నల్ల బూటు, రెండో కాలికి హోటల్ వాళ్ళు గదిలో పెట్టే తెల్ల స్లిప్పరు. వ్యాన్ దిగగానే విమానాశ్రయం ఆఫీసులో డ్యూటీ అధికారి దగ్గరికి వెళ్ళి, ఒక కాగితం అడిగి తీసుకుని, రెండు ముక్కలు రాసిచ్చారు.

"మళ్ళీనా సార్!" అని డ్యూటీ అధికారి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "విమానం నిండా పూలున్నాయి సార్, వాడిపోతాయి."

"పూలు వాడిపోతే మళ్ళీ పూస్తాయి నాయనా" అని వ్యాన్ వైపు నడిచారు నిద్ర కెప్టెన్.

ఆమె హోటల్‌కి తిరిగొచ్చేసరికి భర్త నుంచి మళ్ళీ ఫోను. పాప జ్వరం దిగింది, పాలు తాగింది. అది విని బూటు, స్లిప్పరు కూడా విప్పకుండా పడి నిద్రపోయింది. మర్నాడు కెప్టెన్ గారిని నిలేసింది.

"మీకు నిద్ర పట్టకపోవడమేమిటి సార్! గుర్రు నేను విన్నాను."

"గుర్రు వేరు, నిద్ర వేరు. పెద్దయ్యాక నీకే తెలుస్తుంది" అని ఆయన టోపీ మొహం మీదికి లాక్కున్నారు.

పూలు ఆలస్యమైనందుకు సరుకు పంపినవాళ్ళు గోల చేశారు. ఆపరేషన్స్ మేనేజర్ పాత ఫైలు తీయించాడు. తొమ్మిదేళ్ళలో పదకొండు రిపోర్టులు! ఇంత నిద్రలేమి ఉన్న మనిషి ఆరోగ్యం చూడాల్సిందేనని కెప్టెన్ గారిని నిద్ర పరీక్షకి పంపాడు. భార్యను వెంటబెట్టుకుని ఆయన ఆస్పత్రికి వెళ్ళారు. తలకి తీగలు అంటించాలి, పదిహేను తీగలు. ఆరో తీగ దగ్గరే ఆయన నిద్రపోయారు. పక్కనున్న భార్య, "డాక్టరు గారూ, ఈయన్ని నిద్రపుచ్చడం పరీక్షేమిటండీ, లేపడం కదా పరీక్ష!" అంది. ఈ మనిషి నిద్ర పసిపిల్లల నిద్రలా ఉందని డాక్టరు రాసిచ్చాడు.

వారం తిరక్కుండా విచారణ. ఆ రోజు విమానంలో ఉండాల్సిన మనిషి కనుక కో-పైలట్‌ని కూడా పిలిచారు. మేనేజర్ బల్ల మీద డాక్టరు కాగితం ఒకవైపు, పదకొండు రిపోర్టులు ఒకవైపు పెట్టాడు.

"చూడండి కెప్టెన్ గారూ, మీరంటే నాకు గౌరవం. కానీ జబ్బయినా ఉండాలి, అబద్ధమైనా ఆడి ఉండాలి. జబ్బయితే లైసెన్సు పోతుంది. అబద్ధమైతే ఉద్యోగం పోతుంది. ఏది రాసుకోమంటారు?"

"జబ్బే రాసుకోండి" అన్నారాయన, కాఫీయా టీయా అంటే చెప్పినట్టు.

ముప్ఫై ఏళ్ళుగా ఆకాశంలో తిరిగిన మనిషి, మబ్బుల మీద తెల్లవారడాన్ని ఒక్క మాటతో వదులుకుంటున్నాడు. కో-పైలట్ లేచి నిలబడింది.

"సార్, ఆ రోజు నిద్రపోనిది నేను. పాపకి జ్వరం. భయపడి ఏడు గంటలు పడుకున్నానని చెప్పాను."

"అమ్మాయ్, కూర్చో."

"కూర్చోను సార్. ఎర్ర చుక్క పెడితే పెట్టనివ్వండి."

మేనేజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రిపోర్టులు ఒక్కొక్కటే తిరగేశాడు. పదకొండింటిలోనూ ఆ పూట ఆయన పక్కన కూర్చోవాల్సిన కో-పైలట్ల పేర్లు ఉన్నాయి, పదకొండు మందివి, అందరూ అప్పటికి ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళే.

"వీళ్ళందరికీ ఏమైంది సార్?"

"అవి వాళ్ళ ఇళ్ళ సంగతులు. నన్నడక్కండి."

"అయితే పదకొండుసార్లు నాకు నిద్ర పట్టలేదని అబద్ధం రాశారన్నమాట!"

"అబద్ధం నేను రాయను. ఒకసారి చదవండి."

మేనేజర్ పైకి చదివాడు. 'నిద్ర పట్టలేదు. ఈ పూట విమానం నడపడం క్షేమం కాదు.' రెండోది తీశాడు, అదే. మూడోది, అదే. పదకొండూ చదివాడు.

"ఇందులో 'నాకు' అని ఉందా?" అన్నారు నిద్ర కెప్టెన్. "నిద్ర పట్టని మాట నిజం, క్షేమం కాని మాట నిజం. ఎవరికి అని తొమ్మిదేళ్ళలో మీలో ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడినేమో."

మేనేజర్ ఆఖరికి నవ్వేశాడు. ఆ నవ్వు ఫైలు మీద సంతకంగా మారడానికి నాలుగు నెలలు పట్టింది. ఎర్ర చుక్కల పద్ధతి ఎత్తేశారు. ఎవరి అలసట వాళ్ళే రాసుకోవచ్చు, ఉద్యోగానికి ఢోకా లేదు అని నోటీసు అంటించారు. కెప్టెన్ గారికి మాత్రం ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది. ఇకమీదట రిపోర్టులో 'నాకు' అన్న మాట విధిగా ఉండాలి.

"అయితే నేనింక రాయాల్సిన పనే లేదు" అని ఆయన నిట్టూర్చారు.

అన్నట్టుగానే నాలుగేళ్ళు ఒక్కటీ రాయలేదు. ఆ నాలుగేళ్ళూ గడిచేసరికి ఆ అమ్మాయి పరీక్షలన్నీ నెగ్గి కెప్టెన్ అయింది. మొదటిసారి తన పెత్తనంలో విమానం ఎగరడానికి ఒకరోజు ముందు, పొద్దున్నే మేనేజర్ ఫోన్ చేశాడు.

"మీ గురువుగారు ఇవాళ ఎగరనని రిపోర్టు ఇచ్చారమ్మా. ఎవరి తరఫునో అని ఆయన కో-పైలట్‌ని పిలిచి అడిగాను. ఆ కుర్రాడు తొమ్మిది గంటలు శుభ్రంగా పడుకున్నాట్ట."

"మరి?"

"చదువుతాను వినండి. 'నాకు నిద్ర పట్టలేదు. రేపు మా అమ్మాయి కెప్టెన్ సీట్లో కూర్చుంటోంది.' కింద ఇంకో ముక్క కూడా ఉంది."

"ఏమిటండీ అది?"

"'ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పకండి. తను పడుకోవాలి.'"