గంట ఒక్కసారే మోగాలి

మా చాచా పోయాడు. మొన్న శుక్రవారం గాంబియా నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయాడట.

చాచా నాకు చుట్టం కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని ఆ చిన్న దేశం నుంచి దుబాయి దగ్గరి ఫుజైరాకు వచ్చి, మా రాళ్ళ క్రషర్‌లో లోడర్ నడిపినవాడు. జగిత్యాల నుంచి ఏమీ తెలియక వచ్చిన నాకు పని నేర్పింది ఆయనే. లేబర్ క్యాంపులో ఒంటబట్టిన హిందీలోనే మాతో మాట్లాడేవాడు.

సెలవు రోజు సాయంత్రం రూము ముందు కూర్చుని పచ్చ టీ కాచేవాడు. చిన్న గ్లాసులోంచి మరో గ్లాసులోకి ఎత్తు నుంచి పోస్తూ, నురగ వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఒకరోజు ఎన్నికల మాట వచ్చింది. వాళ్ళ దేశంలో ఓటుకు పిల్లలాడుకునే గోలీ ఒకటి ఇస్తారట. చాటుకు వెళ్ళి నచ్చినవాళ్ళ డ్రమ్ములో వేస్తే లోపల గంట మోగుతుందట.

"గోలీతోని ఓటేసుడేంది చాచా? మా ఊరోళ్ళైతే జేబుల ఏసుకొని ఇంటికి పోతరు," అన్నాడు మా రూములోని కరీంనగర్ తమ్ముడు.

"మోగకపోతే పట్టుకుంటారు. రెండుసార్లు మోగినా పట్టుకుంటారు, అది దొంగ ఓటు. గంట ఒక్కసారే మోగాలి," అన్నాడు చాచా. పోలింగ్ రోజు బెల్లు మోగి గందరగోళం కాకుండా ఓటేసే చోటి దగ్గరికి సైకిళ్ళు కూడా రానివ్వరట. మేము పడీ పడీ నవ్వాం.

తరువాతి ఏడు వాళ్ళ పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. కూతురికి మొదటి ఓటు. ఇద్దరం కలిసి లైన్లో నిలబడదామని ఆమెకు మాటిచ్చి, చాచా ఎప్పుడో సెలవు రాయించుకున్నాడు. సరిగ్గా ఆ వారమే నా భార్యకు ఏడో నెలలోనే పురుడైంది. తల్లీబిడ్డలిద్దరికీ బాగా లేదని ఇంటి నుంచి ఫోన్. లోడర్ నడిపేది మేమిద్దరమే. ఇద్దరూ పోతే క్రషర్ బంద్, ఒక్కరినే పంపుతానన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు.

నేను అడగలేదు. అడిగే మొహం ఎక్కడిది? చాచానే వెళ్ళి తన సెలవు నా పేర రాయించి వచ్చాడు.

"ఎలక్షన్ ఐదేళ్ళకు మళ్ళీ వస్తుంది. యల్లా, బ్యాగు సర్దుకో."

నేను ఆస్పత్రిలో నా బిడ్డను పెట్టిన అద్దాల పెట్టె పక్కన కూర్చున్న రోజే అక్కడ పోలింగ్. కూతురు లైన్లో నిలబడి, లోపల మోగే గంటలు చాచాకు ఫోన్లో వినిపించిందట. చాచా ఇంజిన్ ఆపేసి, కళ్ళు మూసుకుని విన్నాడని కరీంనగర్ తమ్ముడు తరువాత చెప్పాడు.

తిరిగొచ్చాక ఆయన చేతులు పట్టుకున్నాను. రుణపడ్డానని ఒకసారి చెప్పుకోనిచ్చాడు. మర్నాడు మళ్ళీ ఆ మాట ఎత్తబోతే, "ఖలాస్. గంట ఒక్కసారే," అన్నాడు. చేసిన మేలు ఊరంతా చాటుకునేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, ఆయన మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

కిందటేడు పని మానేసి ఇంటికి వెళ్ళిపోతూ, నా బిడ్డకని బజారులో కొన్న గాజు గోలీ ఒకటి ఇచ్చాడు. వచ్చే ఎన్నికలకు కూతురితో లైన్లో ఉంటానన్నాడు. అవింకా రాలేదు. ఆయన వెళ్ళిపోయాడు.

నా బిడ్డ నవ్వినప్పుడల్లా ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. ఇలా రాయడం చాచాకు నచ్చదు. మీరైనా వింటారని రాస్తున్నాను.

నిన్న వీడియో కాల్‌లో నా బిడ్డ ఆ గోలీని స్టీలు చెంబులో వేసి చూపించింది. ఠంగుమంది.

"ఇంకోసారి ఎయ్యాల్నా నాయినా?"

దొంగ ఓటే. అయినా, "ఎయ్యి బిడ్డా," అన్నాను.