సూత్రానికి పెట్టిన బొట్టు

పరాయి దేశం పోయేవాళ్లు ఏం కట్టుకోవాలో, ఎవరి ముందు ఎట్లా నిలబడాలో చెప్పేవాళ్లు ఇప్పుడు వీధికి పదిమంది దొరుకుతారు. ఎనభైల మొదట్లో మా నగరికంతా ఒక్కతే ఉండేది. మా వీధి చివరింటామె కొన్నేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చింది. అప్పటినుంచి ఆమె సొంత పేరు మరుగునపడి కువైటక్క అనే పేరే నిలిచింది. మా వదిన కువైట్‌కు పోవడం ఖాయమైందని తెలియగానే, పాఠాలు చెప్పడానికి ఎవరూ పిలవకుండానే మా ఇంటికి వచ్చింది.

వదిన పోవాల్సి వచ్చింది మా అన్న కోసం. పవర్‌లూమ్ షెడ్డులో ఏళ్ల తరబడి నూలు దుమ్ము పీల్చి పీల్చి అన్నకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. మందులు ఆగితే మనిషి ఆగడని డాక్టర్లు తేల్చి చెప్పారు. వాళ్లకు పిల్లలు లేరు. నాకు ఊహ తెలియకముందే నాయన పోయాడు. అమ్మకు కళ్లు సరిగా కనపడవు, నేను పెళ్లి కావాల్సిన పిల్లను. ఇంట్లో రెక్కలున్నది వదిన ఒక్కతే.

కువైటక్క నడవలో చాప మీద కూర్చొని మొదలుపెట్టింది.

"ఇదిగో సూడు పాపా, ఆడ చీర పనికిరాదు. మెడ కాణ్ణించి పాదాల దాకా పొడుగు గౌను ఏసుకోవాల. నెత్తిన గుడ్డ కట్టుకోవాల. ఇంటామెను మామా అనాల, ఇంటాయన్ను బాబా అనాల."

"ఆడమనిషిని మామా అనేదేందక్కా, మీసాలేమన్నా ఉంటాయా ఆమెకు?" అన్నాడు మంచం మీదినుంచి అన్న. అందరం నవ్వాం. అన్న నవ్వబోయి దగ్గులో పడ్డాడు. వదిన లేచి వీపు రాసింది.

పాఠం మళ్లీ సాగింది. సరే అనడానికి మనం తల అటూ ఇటూ ఊపుతాం కదా, అట్లా ఊపగాకు, వాళ్లకది కాదన్నట్టు ఉంటుంది అంది. మగవాళ్ల మొహంలోకి చూడగాకు. ఎడమచేత్తో ఏదీ ఇయ్యగాకు. మొహానికి పసుపు పూసుకుంటే పచ్చకామెర్లనుకొని ఆస్పత్రికి తోలుతారు. తలలో పూలు వద్దు. కాలి మెట్టెలు నున్నటి గచ్చు మీద జారతాయి, తీసి పెట్టెలో పెట్టు.

వదిన అన్నింటికీ ఊఁ కొడుతూ కూర్చుంది. తిరుపతిలో బట్ట కొని అక్కడే కుట్టించిన గౌను తొడుక్కొని, ఇంట్లో అటూ ఇటూ నడిచి చూపించింది కూడా. ఆ రోజుల్లో మా వీధిలో ఆడవాళ్లు నైటీ వేసుకొని గడప దాటితే చోద్యంగా చూసేవాళ్లు. "దిండుకు గలీబు తొడిగినట్టుండాది," అంది అమ్మ. మెట్టెలు తీయమన్నప్పుడు మాత్రం మొహం మాడ్చుకుంది. అయినా నోరెత్తలేదు. కొడుకు ప్రాణం ఆ ప్రయాణం మీదే ఉంది మరి.

అప్పుడు కువైటక్క అసలు మాట అంది.

"ఇంక బొట్టు తీసెయ్యాల."

మా ఇళ్లలో ఆ మాట నోట రాకూడదు. దీపం ఆరిపోయిందని అనం, కొండెక్కిందంటాం. కుంకుమ అయిపోయిందని అనం, నిండుకుందంటాం. సూత్రం తెగినా తెగిందని అనం, పెరిగిందంటాం. అట్లాంటి ఇంట్లో, నట్టింట, మొగుడు మంచాన పడి ఉండగా, వాడి పెళ్లాం మొహాన ఆ మాట! అందులోనూ అమ్మ వింటుండగా. నాయన పోయిన పదో రోజు పదిమంది ఆడవాళ్లు చుట్టూ చేరి అమ్మ నొసటి బొట్టు తీశారు. నాకు తెలిసినప్పటి నుంచీ ఆ నొసలు బోడిగానే ఉంది.

అమ్మ గభాలున లేచింది. "నీ నోట్లో మన్ను పొయ్య! నా కొడుకు ఈడ ఊపిరి తీస్తావుంటే నా కోడలి బొట్టు తీయమంటావా? లెయ్, నా ఇంట్లోంచి లెయ్!"

"వాళ్ల పద్ధతి నేను సెప్తిని. నన్నంటే ఏమొస్తాది?" కువైటక్క కూడా తగ్గలేదు. "నేను తీస్తిని. మా ఆయన గుండ్రాయి మాదిరి ఉండాడు కదా!"

ఇద్దరూ గొంతులు పెంచారు. వదిన ఇద్దరి మధ్యా నిలబడి నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. "బొట్టు ల్యాకుండా నేను పోను. ఆయనకేమన్నా అయితే నేను బతికుండి ఏం లాభం?" అని ఏడ్చింది. పోకపోతే మందులు లేవు. పోతే బొట్టు లేదు. దేవుడు కూడా అడగని మొక్కు అడిగినట్టు నాకు ఒళ్లు మండిపోయింది.

అన్న మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. "ఊరుకోండమ్మా," అన్నాడు. "ఎవురూ ఏమీ తీసేది ల్యా. దాసిపెట్టుకునేది. రోజూ నీళ్లు పోసుకున్నాక సూత్రానికి కుంకుమ పెట్టుకుంటావు కదా? ఆడ గూడా అట్లే పెట్టుకో. సూత్రం గౌను లోపల ఉంటాది, ఎవురికీ కనపడదు. నొసట్లోది సూత్రంలో దాసిపెట్టుకో, వచ్చినాక మళ్లీ నొసట పెట్టుకుందువు."

ఆ ఒక్క మాటతో ఇల్లు చల్లబడింది. తీసెయ్యడం కాదు, దాసిపెట్టుకోవడం. అమ్మ ఆ మాటను నోట్లో రెండుసార్లు తిప్పుకొని, "ఆఁ, అట్లయితే సరే," అంది. కువైటక్కకు కాఫీ కూడా పెట్టించింది.

వదిన బయలుదేరిన పొద్దున అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నొసట బొట్టు లేని మనిషి ఎదురొస్తే ప్రయాణానికి మంచిది కాదని తనకు తానే తలుపు చాటున నిలబడింది. కుంకుమ భరిణె నేనే ఇచ్చాను. అన్న వాకిలి దాకా వచ్చి గోడ పట్టుకొని నిలబడ్డాడు. మద్రాసు బస్సు ఎక్కేదాకా వదిన నొసట బొట్టు ఉంది. ఎక్కడ తీసిందో నాకు తెలియదు.

తరువాత నా పెళ్లయింది, తిరుపతిలో కాపురం పెట్టాను. వదిన పంపిన మందుల డబ్బుతో అన్న బాగానే తేరుకున్నాడు. నేను వెళ్లినప్పుడల్లా కాస్త నడుస్తూ కనిపించేవాడు. పొద్దున్నే వదిన సూత్రానికి కుంకుమ పెట్టుకునే వేళ ఇదేనని లెక్కగట్టి చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వు చూసి బతుకుతాడనే అనుకున్నాను. వానాకాలంలో మూడు రోజులు జ్వరం వచ్చి పోయాడు.

వదినకు కబురు పెట్టాలని నేను, వద్దని అమ్మ. అన్న దహనమైన రోజే ఇద్దరం గొడవపడ్డాం. రెండేళ్లు నిండేదాకా ఆ ఇంటివాళ్లు పంపరు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది. వదినకు చదువు రాదు. మన జాబులు, అక్కడ సెలవురోజైన శుక్రవారాల్లో ఎవరో తెలుగువాళ్లు చదివి వినిపిస్తారు.

"ఎవుడో మగోడు రోడ్డులో నిలబడి సదివి సెప్తే దాని మొగుడు పోయినాడని అది ఇనాల్నా?" అంది అమ్మ. "ఆ పరాయింట్లో అది ఏడిసేదానికి సోటు గూడా ఉండదు. వచ్చినాక నేనే సెప్తా."

"అంతదాకా ఆమె కుంకుమ పెట్టుకుంటా ఉండాల్నా?" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. అమ్మ నా మొహంలోకి చూసి, "ఉండనీ," అంది. అంతే. నేను కోపంతో అమ్మతో చాలాకాలం సరిగా మాట్లాడలేదు. జాబుల్లో ఇంట్లో అందరూ క్షేమమని పక్కింటాయన చేత రాయించింది అమ్మే.

వదిన వచ్చే రోజు నేను తిరుపతి నుంచి వచ్చి నగరి బస్టాండులో నిలబడ్డాను. వదిన బస్సు దిగింది. కువైటక్క ఒక్కొక్కటే వద్దన్నవన్నీ మద్రాసులో మళ్లీ పెట్టుకొని వచ్చింది. చీర, మొహాన పసుపు, కాళ్లకు మెట్టెలు, తలలో మల్లెపూలు. నొసట ఇంత బొట్టు. మన ఊరికి మన ఊరి మాదిరిగా రావాలనుకుంది పిచ్చితల్లి.

బస్టాండులో మా వీధివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మొహాలు తిప్పుకున్నారు. వదిన వాళ్లను పలకరిస్తూనే నా చెయ్యి పట్టుకుంది.

"ఏం పాపా, మీయన్న రాలేదా? ఆయాసమా?"

పెట్టె అందుకొని ముందు నడిచాను. దారంతా ఆమె అన్న కోసం తెచ్చిన ఉన్ని స్వెట్టర్ గురించి చెబుతూనే ఉంది.

అమ్మ నడవలో కూర్చొని ఉంది. వదిన వంగి ఆమె కాళ్లకు మొక్కబోయింది. అమ్మ ఆ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని, బొట్టు వైపు చూస్తూ, "వాడు ల్యాడు తల్లీ. వానాకాలంలోనే పోయినాడు," అంది.

వదిన వెంటనే ఏడవలేదు. పైట లోపలినుంచి సూత్రం బయటికి తీసింది. పసుపు తాడు, దాని మీద ఎర్రగా కుంకుమ. "ఈ పొద్దు గూడా పెట్టుకుంటినే అత్తా," అంది. కాసేపటికి, "ఆడ నొసలు బోడిగా తిరిగినప్పుడు ఆయన ఉండె. ఈడికి నిండుగా వస్తే ల్యాకపాయె," అంది. అప్పుడు కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

రెండో రోజుకే బంధువులు దిగారు. జరగాల్సింది ఆలస్యంగానైనా జరగాలన్నారు. పదిమంది చుట్టూ చేరడానికి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు, గడపకు అడ్డంగా కూర్చుంది. వదినే తలుపేసుకొని తన చేత్తో తానే బొట్టూ సూత్రమూ తీసేసి బయటికి వచ్చింది. సూత్రం అమ్మ చేతిలో పెట్టింది.

ఆ తరువాతి పాఠాలు చెప్పడానికి ఎవరూ రాలేదు. ఆమెకు పేరంటం పిలుపులు ఆగిపోయాయి. పొద్దున్నే పనికి పోయేవాళ్లు ఆమె ఎదురైతే వెనక్కి తిరిగి, గడపలో కూర్చొని నీళ్లు తాగి బయలుదేరేవాళ్లు. మన వీధే, మన మనుషులే, నిన్నటిదాకా వదినా అక్కా అన్నవాళ్లే. వదిన ఇళ్ల వెనక సందు వెంట పోవడం నేర్చుకుంది. ఎవరింటి ముందు తల వంచాలో, ఎప్పుడు గడప దాటకూడదో ఒక్కొక్కటే తెలుసుకుంది. పరాయి దేశంలో గౌను తొడుక్కొని రెండేళ్లు బతికిన మనిషి సొంత వీధిలో ఎట్లా నడవాలో తెలియక దిక్కులు చూస్తుంటే నాకు ఊరి మీద పట్టరాని కోపం వచ్చేది. ఇప్పటికీ పోలేదు.

"ఆడికే పోతా అత్తా," అంది వదిన ఒకరోజు. "ఆడ నొసలు సూసి మాట్లాడేవాళ్లు ల్యారు." అమ్మ కాదనలేదు.

ఆమె రెండోసారి బయలుదేరిన పొద్దున కూడా నేను ఉన్నాను. ఈసారి కువైటక్క చెప్పాల్సిందేమీ లేదు. వదిన గౌను తొడుక్కొని, తల చుట్టూ గుడ్డ కట్టుకొని, పెట్టె వాకిట్లో పెట్టింది. అమ్మ వంటింట్లో ఉందనుకున్నాను. ఎప్పటిలా తలుపు చాటున ఉంటుందనుకున్నాను. అమ్మ బయటికి వచ్చింది. వీధిలో జనం చూస్తుండగా వచ్చి కోడలికి సరిగ్గా ఎదురుగా నిలబడింది. చేతిలో చిన్న పసుపు గుడ్డ మూట. విప్పితే ఆ సూత్రమే. పక్కన కుంకుమ భరిణె.

"అత్తా, ఇదేంది?" అంది వదిన భయంగా.

"మెడ వంచు."

వదిన వంచింది. మసక కళ్లతో తడుముకుంటూ అమ్మ ఆ తాడు కోడలి మెడలో కట్టింది. ఉంగరం వేలితో ఇంత కుంకుమ తీసి సూత్రానికి పెట్టింది. దాన్ని గౌను లోపలికి దోపి, పైన గుడ్డ సర్దింది.

"నా బొట్టు తీసినప్పుడు నాకు ఎవురూ సెప్పలా," అంది. "నీకు వాడు సెప్పిపోయినాడు కదా. దాసిపెట్టుకో."