రాగి రేటు, మా ఆవిడ అనుమానం

మా పాత సామాన్ల కొట్టులో కాటా దగ్గర కూర్చునేది మా ఆవిడ. బస్తాలు మోసేది నేను. పేరుకు యజమానిని నేనే, అది వేరే సంగతి.

ఆవిడకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలు విరిగినా ముందు నా వంకే చూస్తుంది. ఇనుము, అట్టముక్కలు కొన్నన్నాళ్లూ ఆ గుణం కాస్త అదుపులోనే ఉండేది. కరెంటు బళ్లకీ, సోలార్ పలకలకీ రాగి కావాలంటూ దాని రేటు కొండెక్కి కూర్చుంది చూడండి, అప్పట్నుంచి మా కొట్టు కొట్టులా లేదు. ఇంకా పెరుగుతుందని టీవీలో చెప్పిన ప్రతిసారీ ఎవడో ఒకడు ఏదో ఒకటి కోసుకొస్తాడు. పక్క వీధిలో లిఫ్టుకు వెళ్లే కరెంటు తీగలే ఎత్తుకుపోయారు. రాగి తెచ్చినవాణ్ణి ఆవిడ చెప్పుల నుంచి జుట్టు దాకా చూసి, "ఎక్కడిది?" అనేది. తడబడ్డాడా, బేరం లేదు. నిజం చెప్పొద్దూ, ఆవిడ చలవ వల్లే పోలీసులు మా గడప తొక్కలేదు.

ఆ తీగలు పోయిన మర్నాడే మా బావమరిది వచ్చాడు. ఏసీలు బాగుచేస్తాడు. చేతిలో సంచి నిండా రాగి గొట్టాలు.

"ఎక్కడివిరా?" అంది తోడబుట్టినవాణ్ణి.

"లాడ్జి ఓనరు పాత ఏసీలు పీకించాడక్కా. కూలి కింద ఇవి తీసుకోమన్నాడు."

"ఇంత రేటున్నప్పుడు ఊరికే ఇచ్చేస్తాడా? ఆయనకేమన్నా పిచ్చా?"

"ఊరికే ఏంటక్కా? నడుం విరిగేలా చాకిరీ చేశాను!"

"పోనీలేవే, నీ తమ్ముడే కదా" అన్నాను. అనకపోయినా బాగుండేది.

"మీరు బస్తాల సంగతి చూసుకోండి" అని, వాడి చేతిలో ఫోను లాక్కుని, వాడి ఎదురుగానే ఓనరుకు కలిపింది. "మా తమ్ముడు గొట్టాలు తెచ్చాడండీ. మీరే ఇచ్చారా?"

"అవునమ్మా, నేనే ఇచ్చాను" అన్నాడాయన. ఆవిడ ముఖం విప్పారింది. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "ఇంతకీ ఎంత బరువున్నాయి? సొంత అక్క మీరే అడుగుతున్నారంటే ఏదో ఉండే ఉంటుంది."

స్పీకరు పెట్టి ఉంది. ముగ్గురం విన్నాం. "అబ్బెబ్బే, అదేం లేదండీ" అని ఆవిడ మొత్తుకుంటుండగానే ఆయన పెట్టేశాడు. బావమరిది ముఖం మాడిపోయింది. గొట్టాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఏడాది పొడుగునా వాడికి ఆ లాడ్జిలోనే పని. సంసారం నడిచేది దాని మీదే. వారం తిరక్కుండా అక్కడికి వేరే మెకానిక్ వచ్చాడు. అక్కే నమ్మనివాణ్ణి పరాయివాడెందుకు నమ్ముతాడు? మా ఆవిడ వెళ్లి ఓనరు కాళ్లావేళ్లా పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆదివారం సంచి నిండా పళ్లు కొని, నన్ను వెంటేసుకుని తమ్ముడింటికి బయల్దేరింది. వాడి భార్య మంచినీళ్లిచ్చి, పళ్లు లోపల పెట్టి సంచి తిరిగి ఇచ్చింది.

"పొరపాటైపోయిందిరా, నా నోరు పడిపోను" అని మా ఆవిడ ఏడ్చింది.

"పోనీలే అక్కా" అన్నాడు వాడు. పిల్లల చదువుల గురించి కూడా కాసేపు మాట్లాడాడు. హమ్మయ్య అనుకున్నాను.

లేచి గుమ్మం దాటబోతుంటే పిలిచాడు. "అక్కా, ఆ సంచి ఓసారి తెరువు."

వేళాకోళం అనుకుని నవ్వబోయాను. వాడు నవ్వడం లేదు. మా ఆవిడ ఖాళీ సంచిని రెండు చేతులా విప్పి పట్టుకుంది. వాడు వంగి లోపలికి చూశాడు.