నాలుగు గోళ్ళ సంగీతం

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో రవ్వంత అనుమానం కూడా ఉండేది కాదు. నేను గొప్ప సంగీతకారుణ్ణి కాబోతున్నాననేది మొదటిది. ఆ సంగతి గ్రహించే చెవి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక్కరికీ లేదనేది రెండోది. ఇరవై నాలుగేళ్ళ వయసు, కొత్త గుమాస్తా ఉద్యోగం, చేతిలో ఫోను, ఆ ఫోన్లో ఏదో చలిదేశంలో కూర్చుని క్లాసికల్ గిటార్ పాఠాలు చెప్పే ఒక గెడ్డం దొర. మనిషి చెడిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి! కాలనీవాళ్ళ లెక్కలో గిటార్ అంటే నిలబడి, జుట్టు ఎగరేస్తూ, సినిమా పాటకి బరబరా గీకేది. నాది బుద్ధిగా కూర్చుని, ఎడమకాలు పీట మీద పెట్టి (అమ్మ పూజ పీట, ఆవిడకి చాలాకాలం తెలియదు), ఒక్కో తీగనీ ఒక్కో వేలితో మీటేది. ఆ తీగలు కూడా నైలానువి. లోకోషెడ్‌లో ఫిట్టరుగా చేసే నాన్న మొదటిసారి వాటిని తడిమి చూసి, "ఏటిరా ఇవి, గేలానికి కట్టీ దారంలాగున్నాయి?" అన్నారు. నేను జాలిగా నవ్వాను. ఆ జాలినవ్వు అప్పట్లో నా ముఖాన్ని వదిలేది కాదు. తలుచుకుంటే ఇప్పుడు నాకే లాగి ఒక్కటివ్వాలనిపిస్తుంది.

ఒక పాఠంలో దొరగారు "గోరే మీ గొంతు" అని సెలవిచ్చారు. అంతే, కుడిచేతికి చిటికెనవేలు మినహా నాలుగు గోళ్ళూ పెంచడం మొదలుపెట్టాను. కాలనీ పక్కన తోర్వా పేటలోని హార్డ్‌వేర్ దుకాణంలో అన్నిటికంటే నున్నటి పాలిష్ కాగితం కొని, ఆఫీసులో ఫైళ్ళ చాటున వాటిని అరగదీసుకునేవాణ్ణి. ఎడమచేతి గోళ్ళు మాత్రం మొదలంటా తీసెయ్యాలి, లేకపోతే తీగ అదమడం కుదరదు. దాంతో నా రెండు చేతులూ ఇద్దరు మనుషులవిలా ఉండేవి. పసుపు అంటితే గోళ్ళు పాడవుతాయని అన్నం చెంచాతో తినడం మొదలుపెట్టాక ఇంట్లో యుద్ధం వచ్చింది. "అచ్ఛా! పప్పన్నం చెంచాతో తినీ కొడుకునా నేను కన్నది? ఆ గోళ్ళు చూసి ఎవులైనా పిల్లనిస్తారేటి? కోసీరా!" అని అమ్మ రోజూ రెండు పూటలా సాధించేది. కళాకారుడికి ఇంట్లోవాళ్ళే మొదటి శత్రువులని నేను గోడకేసి చూస్తూ సరిపెట్టుకునేవాణ్ణి.

ఇంతలో కాలనీ తెలుగువాళ్ళ సంఘం వార్షికోత్సవం వచ్చింది. కార్యదర్శిని మేం మైకు మావయ్య అనేవాళ్ళం (ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు). పిల్లల డాన్సుకీ తంబోలాకీ మధ్య నాకు ఐదు నిమిషాలు ఇచ్చాడు. నిజమైన సంగీతం అంటే ఏమిటో ఆ ఐదు నిమిషాల్లో ఈ ఊరికి తెలిసిపోవాలని ఒట్టు పెట్టుకున్నాను. వాయించవలసిన బాణీ కాగితం మీద రెండు పేజీలు. మొదటి పేజీ జారుడుబల్ల మీద జారినట్టు వెళ్ళేది. రెండో పేజీ నడుమకి వచ్చేసరికి వేళ్ళు ఒకదానికొకటి అడ్డం పడి ఆగిపోయేవి. అది నా తప్పు కాదు, ఉంగరపువేలి గోరు ఇంకాస్త పెరగాలి, అంతే అనుకునేవాణ్ణి.

వార్షికోత్సవం పది రోజుల్లో ఉందనగా మా సొంతూరు టెక్కలి నుంచి ఫోను వచ్చింది. మా దాయాదుల్లో ఒక పెదతాతగారు తొంభై దాటాక పోయారట. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. "పదిరోజులు మైల. గెడ్డం గీయకు, గోళ్ళు తియ్యకు" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఆరు నెలలుగా నన్ను తరుముతున్న మనిషి నోటినుంచే శాస్త్రం వచ్చి నా గోళ్ళకి కాపలా కూర్చుంది! ఆ క్షణం నుంచి మా ఇంట్లో నన్ను మించిన ఆచారవంతుడు లేడు. చెప్పులు తొడగలేదు, చాప మీద పడుకున్నాను, పొరపాటున గెడ్డం గీసుకోబోయిన నాన్నని మందలించాను. (వాద్యాలు కూడా వాయించకూడదన్న నియమం ఒక్కటే నాకు గుర్తు రాలేదు. తలుపేసుకుని వాయించాను.) తోర్వాలో ఉండే పెదనాన్న మా వంశంలో మడికీ మైలకీ సుప్రీంకోర్టు. నా నిష్ఠ విని ఆయన కంట తడి పెట్టుకున్నారని తెలిసింది.

వీడియోల కింద దొరని నూటొక్క సందేహాలు అడిగినవాణ్ణి, పదోరోజు ఏం చేస్తారని అమ్మని ఒక్కమాట అడగలేదు. ఆ పదోరోజు సాయంత్రమే వార్షికోత్సవం. పొద్దున్నే మగవాళ్ళందరం పెదనాన్న పెరట్లో చేరాం. కుళాయి దగ్గర మంగలి కత్తెరలు పరుచుకుని కూర్చున్నాడు. "ముందు మావోణ్ణి కూకోబెట్టండి. ఈ కాలం కుర్రోళ్ళలో ఇంత నిష్ఠ ఎక్కడున్నాది! తండ్రున్నోడికి గుండు అక్కర్నేదు, గెడ్డమూ గోళ్ళూ తీసీస్తే చాలు" అన్నారు పెదనాన్న.

"పెదనాన్నా, గోళ్ళు వద్దండి. కావాలంటే గుండు చేయించుకుంటాను" అన్నాను.

"తప్పురా! తండ్రి బతికుండగా గుండేటి?"

"మరి గోళ్ళు ఈ ఒక్కరోజూ..."

"పదిరోజులూ గోళ్ళు ఎందుకు దాచినావు? ఈరోజు తియ్యడానికే కదేటి?"

"హాథ్ దీజియే భయ్యా" అన్నాడు మంగలి. చెయ్యి వెనక్కి లాక్కోబోతే పెదనాన్నే మణికట్టు పట్టుకుని ఆశీర్వదించినంత ప్రేమగా ముందుకి చాపారు. ఆరు నెలల తపస్సు, నాలుగు కత్తిరింపులు. పోయిన మనిషి కోసం ఆ పెరట్లో చేరినవాళ్ళలో నిజంగా ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

తలస్నానంతో మైల వదిలింది. సాయంత్రం మైకు మావయ్య దగ్గరికి పరుగెత్తి, గోళ్ళు పోయాయి, వాయించలేనని చెప్పాను. "గోళ్ళు పోతే ఏటి? వేళ్ళున్నాయి కదా!" అని స్టేజీ మీదకి తోసేశాడు. పాడతాననుకుని మైకు నా నోటి ముందు పెట్టాడు. మొదటి పేజీ వాయించాను. ముందు వరసలో వాళ్ళకి కూడా పల్లీలు నమిలే చప్పుడు తప్ప ఏమీ వినపడి ఉండదు. రెండో పేజీ నడుమకి వచ్చాను, ఆగిపోయాను. మళ్ళీ ఎత్తుకున్నాను, మళ్ళీ అక్కడే ఆగాను. తల వంచుకుని మొండి వేళ్ళని చూస్తూ ఉండిపోయాను. మావయ్య మైకు లాక్కుని గద్గద స్వరంతో, "కుర్రోడి తాతగారు పోనారు. ఇవాళే పదోరోజు. దుఃఖం ఆపుకోనేకపోతన్నాడు" అన్నాడు. హాలంతా లేచి నిలబడింది. ఒక నిమిషం మౌనం, ఆ తర్వాత చప్పట్లు. ఇద్దరు పిన్నిగార్లు వచ్చి నా తల నిమిరారు. సిగ్గులేకుండా నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

స్కూటర్ మీద ఇంటికి వస్తున్నప్పుడు నాన్నే నడిపారు. రైల్వే గేటు పడింది. బండి ఆపి, వెనక్కి తిరక్కుండానే అడిగారు: "ఆ తాతని నువ్వెప్పుడు చూసినావురా?"

"చూడలేదు నాన్నా."

గూడ్స్ మొత్తం వెళ్ళేదాకా ఆగారు. "ఇవాళ ఆగిపోనావు చూడు, ఇంట్లో కూడా రోజూ అక్కడే ఆగిపోతావు. గోళ్ళున్నప్పుడూ అక్కడే."

షెడ్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పక్కగదిలో కూర్చుని ఆయన ఆరు నెలలుగా ప్రతి సాయంత్రం నా వాయింపు వింటున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. గేటు లేచింది, వెళ్ళిపోయాం.

గోళ్ళు మళ్ళీ పెంచలేదు. గిటార్ మాత్రం వదల్లేదు. నలభైకి దగ్గర పడ్డా ఇప్పటికీ ఆ రెండో పేజీ నడుమే ఆగుతాను, సాకు చెప్పుకుందామంటే ఈమధ్య దాయాదులెవరూ పోలేదు. ఆ జాలినవ్వు కుర్రాడు గుర్తొచ్చి కాస్త నవ్వుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటాను. పక్కగదిలో నాన్న టీవీ సౌండు తగ్గిస్తారు.