మేకప్ అనుకున్న వాపు

సుగుణ మేడం గురువారం ఉదయం పరమపదించారని ఫోన్లో విన్నప్పుడు నా నోట మొదట వచ్చిన మాట "అయ్యో" కాదు; "నాతో చెప్పనేలేదే!" అని. ఆ కోపం ఇంకా చల్లారలేదు. సంస్మరణలో కోపమేమిటంటారా? మొదట శిష్యురాలిగా, తర్వాత ఆవిడ పక్క కుర్చీలో ట్యూటర్‌గా ఎనిమిదేళ్లు తప్పులే చేశాను. ఇదీ వాటిలో కలుపుకోండి.

ఊరంతా హైటెక్ కొలువులకోసం కంప్యూటర్ నేర్చుకుంటుంటే, ఫిలింనగర్‌లోని మా నర్సింగ్ కాలేజీలో మేడం కంప్యూటర్ తెర మీదుగా రోగి పరిచర్య నేర్పారు. నెలకోసారి అటు విదేశీ విద్యార్థినులు, ఇటు మా పిల్లలు. రోగి వేషానికి కృష్ణానగర్ నుంచి ఒక జూనియర్ ఆర్టిస్టు. గాయాలూ వాపులూ దిద్దడానికి ఒక మేకప్‌మ్యాన్. నేను ఇంగ్లిషు మాట్లాడితే అవతలివాళ్లు లైను బాగాలేదనుకునేవారు.

"రోగి అబద్ధం చెప్తడు, ఒళ్లు చెప్పదు. చెవులతోని గాదు, చేతులతోని వినుండ్రి" అనేది ఆవిడ నిత్యోపదేశం.

మూడు నెలల కిందట, గుండెజబ్బు పాఠం రోజున, ఆ ఆర్టిస్టుకు షూటింగ్ పడింది.

"ఏంది గట్ల జూస్తరు? నేనే పండుకుంట" అంటూ మేడం మంచమెక్కారు.

మెట్లెక్కితే ఆయాసం, మూడు దిండ్లు లేనిదే నిద్రపట్టదు అని ఆవిడ చెబుతుంటే ఆ అభినయానికి మురిసిపోయాం. తెర మీది ఒకమ్మాయి పాదం నొక్కి చూపమంది. నొక్కాను. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

మేకప్‌మ్యాన్ ఎప్పుడు దిద్దిపోయాడో అనుకుని, "మేకప్ కిరాక్ ఉంది మేడం!" అన్నాను. గదంతా నవ్వింది.

"ఫిలింనగర్ల ఉంటున్న గదనే, గంతన్న రాదా?" అని ఆవిడా నవ్వారు.

మర్నాడు ఆ అమ్మాయి మెయిల్ రాసింది: ఆ రోగిని డాక్టరుకు చూపించారా అని. "ఆవిడ మా మేడం, నటించారంతే" అని గర్వంగా జవాబిచ్చాను.

అంత్యక్రియలయ్యాక మేడం చెల్లెలు చెప్పింది: "అక్కకు రెండేండ్ల సంది గుండె మంచిగ లేదమ్మా. మీకు తెలిస్తే క్లాసులు బంద్ చేపిస్తరని చెప్పలే."

అంటే ఆ రోజు మంచం మీద ఆవిడ చెప్పిందంతా నిజం. సముద్రాల అవతలివాళ్లకు నిజం చెప్పి, పాదం పట్టుకున్న నన్ను నవ్వించి పంపేశారు. ఇది ద్రోహం కాదా మేడం? మేకప్‌కు గుంట పడదని నాకు నేర్పింది మీరే. ఆ పాఠానికి నేను చేసిన ద్రోహం సంగతి మీరు అడగనే లేదు.

అటువంటి గురువు మాకిక లభించరు. ఒకసారి నొక్కి, నవ్వి వదిలేసిన ఆ పాదాలకే నమస్కరిస్తున్నాను. ఆ అమ్మాయికి ఇవాళ మళ్లీ రాశాను: "మేమందరం పక్కనే ఉన్నాం. రోగిని చూసింది నువ్వొక్కదానివే."